నెత్తిన ఇరుముడి, చేతిలో బోర్డింగ్ పాస్

శబరిమలలో 18 మెట్లు ఎక్కాలంటే నెత్తిన ఇరుముడి, అంటే రెండు ముడుల మూట, ఉండాలి. లేనివాళ్లు పక్కదారిన వెళ్లి అయ్యప్పను దర్శించుకోవచ్చు గానీ ఆ మెట్ల మీద కాలు మోపకూడదు. ఇక మన దేశంలో విమానం ఎక్కేవాళ్లు, సాధారణ తరగతిలో అయితే, వెంట లోపలికి తీసుకెళ్లగలిగేది ఒక్క సంచి. బరువు 7 కిలోలు దాటకూడదు. 2025 జనవరి మొదట్లో ఈ రెండు కట్టుబాట్లకూ లోబడి హైదరాబాదు నుంచి కొచ్చి మీదుగా శబరిమల వెళ్లివచ్చాను. పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ లగేజీ బెల్టు మీద ఒక్క వస్తువూ వేయలేదు. ఆ యాత్ర అంత హాయిగా ఎందుకు సాగిందో తోటి స్వాములకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా పేట స్వాములంతా ఏటా సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. బియ్యం, పప్పు, గిన్నెలు, చాపలు, దుప్పట్లు, డోలక్, తాళాలు అన్నీ వాళ్లతో పాటే బయల్దేరుతాయి. బోగీ అంతా భజన. ఏ స్టేషన్లోనో తెలిసినవాళ్లు అరటిగెలతో ఎదురొస్తారు. ఆ ప్రయాణం అందం దానిది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ రానుపోను రైల్లోనే గడిచే రోజులకు నాకు ఆఫీసులో సెలవు దొరకలేదు. అందుకని గుంపును ముందుగా రైలెక్కించి, నేను వెనకగా విమానంలో వెళ్లి కొండ కింద పంబలో వాళ్లను కలుసుకునేలా, మా గుంపును నడిపించే గురుస్వామి దగ్గర అనుమతి తీసుకున్నాను.

విమానంలో శబరిమల వెళ్లడం నాకు కొత్త కాదు. కరోనాకు ముందు ఒకసారి వెళ్లాను. అప్పుడు కొబ్బరికాయను క్యాబిన్లోకి రానిచ్చేవారు కాదు. ఇరుముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉంటుంది, అది లేకపోతే ఇరుముడే లేదు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, లగేజీలో వేయక తప్పదని. ఇరుముడిని మేం నేల మీద పెట్టం. దించాలన్నా, తిరిగి తలకెత్తుకోవాలన్నా తోటి స్వామి చెయ్యి వేస్తాడు, శరణు చెప్పుకుంటాం. అలాంటిదాన్ని ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, పెట్టెల మధ్య, రబ్బరు తెర వెనక్కి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. కొచ్చిలో బెల్టు దగ్గర చాలాసేపు కాచుకున్నాక వచ్చింది. కాయ కంటికి బిగించిన బిరడా సడలి నెయ్యి గుడ్డలోంచి కారిపోయింది. మిగిలిన కాస్త నెయ్యితోనే కొండెక్కాను. 41 రోజుల దీక్ష చేసినవాడికి ఆ తడిసిన గుడ్డను చూస్తే ఎలా ఉంటుందో మాల వేసుకున్న ఎవరికైనా తెలుసు. సామాను మనిషి చేతిలోంచి దాటిపోయాక దాని క్షేమం మన చేతిలో ఉండదని ఆనాడు గట్టిగా అనిపించింది.

తర్వాత నియమం మారింది. 2022 నవంబరులో పౌర విమానయాన భద్రతా విభాగం ఆ సీజన్‌కు సడలింపు ఇచ్చి, శబరిమల యాత్రికులు కొబ్బరికాయను క్యాబిన్లోకి తీసుకెళ్లవచ్చని చెప్పింది. 2024 అక్టోబరులో మళ్లీ ఆ మాట వినిపించింది. ఈసారి ప్రకటించింది మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. 2025 జనవరి 20 దాకా ఇరుముడితో పాటు కొబ్బరికాయను చేతిలో తీసుకెళ్లవచ్చన్నారు. ఎక్స్‌రే తీస్తారు, పేలుడు పదార్థాల జాడ ఉందేమో పరీక్షిస్తారు, చేత్తో తనిఖీ చేస్తారు. అన్నిటికీ ఒప్పుకోవాలి. ఆ వార్త చదివిన రోజే నిర్ణయించుకున్నాను, ఈసారి ఏదీ నా చేయి దాటి పోకూడదని.

ఇరుముడి ఒక్కటే నాలుగు కిలోల దాకా తూగుతుంది. అంటే నా సొంత సామానుకు మిగిలింది మూడు కిలోలు. మూడు కిలోల్లో చలికాలపు యాత్ర ఎలా కుదురుతుందని మా ఆవిడ బెంగపడింది. దీక్షలో ఉన్నంతకాలం ఇంట్లో వాళ్లు కూడా నన్ను స్వామీ అనే పిలుస్తారు.

"రెండు జతలేనా స్వామీ? తడిస్తే?"

"ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో. పంబలో స్నానం చేశాక తడిది పిండి ఆరేసుకుంటాను."

"దిండు?"

"ఇన్నాళ్లుగా చాప మీదేగా పడుకుంటున్నాను, దిండెందుకు?"

అప్పుడే నాకు తట్టింది, నేను తగ్గించుకోవలసినవన్నీ దీక్ష అప్పటికే తగ్గించేసిందని. మాల వేసుకున్న రోజు నుంచి చెప్పులు లేవు, కాబట్టి బూట్లూ లేవు, మేజోళ్లూ లేవు. గడ్డం గీసుకోం, కాబట్టి రేజరు, నురగ డబ్బా అక్కర్లేదు. సెంటు లేదు. పరుపు, దిండు లేవు. సందర్భానికో బట్ట అనే మాటే లేదు, అన్నిటికీ నల్ల పంచె, నల్ల చొక్కా, ఒక తుండు. మామూలు ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు చోటంతా ఆక్రమించేవి ఇవే. మండలం రోజులు వీటిలో ఒక్కటీ లేకుండా ఆఫీసుకు వెళ్లాను, పెళ్లికి వెళ్లాను, ఒక చావుకబురు విని వెళ్లి దూరంగా నిలబడి వచ్చాను. ఎక్కడా ఇబ్బంది పడలేదు. మరి ఈ నాలుగు రోజుల ప్రయాణానికి మాత్రం ఎందుకు కావాలి?

చివరికి సంచిలోకి వెళ్లినవి చెబుతాను. ఒక పలుచని నూలు పంచె, ఒక చొక్కా, తుండు, లోదుస్తులు, అమ్మ ఇచ్చిన ఉన్ని శాలువా. పళ్లపొడి పొట్లం, బ్రష్షు. బీపీ మాత్రలు, డాక్టరు చీటీ. విభూతి, గంధం చిన్న పొట్లాలు. ఆధార్ కార్డు, దర్శనం వేళకు ముందే తీసుకున్న వర్చువల్ క్యూ చీటీ కాగితం మీద, ఫోన్లో ఎలాగూ ఉంది. ఛార్జరు, ఒక పవర్ బ్యాంక్. పవర్ బ్యాంకును లగేజీలో వేయడం ఎలాగూ నిషిద్ధం. లిథియం బ్యాటరీ అంటుకుంటే సామాన్ల గదిలో చూసేవాళ్లుండరు, అందుకే మనిషి దగ్గరే ఉండాలంటారు. సంచి కూడా చక్రాల పెట్టె కాదు. ఖాళీ పెట్టే రెండున్నర మూడు కిలోలు తూగితే ఇక లోపల పెట్టేదేముంది? భుజాన వేసుకునే నల్ల గుడ్డసంచి, చేత్తో పట్టుకుంటే పావుకిలో కూడా ఉండదు. వేలాడదీసే చిన్న త్రాసుకు తగిలించి చూస్తే అన్నీ కలిపి రెండున్నర కిలోలకు కాస్త అటూఇటూగా వచ్చింది.

ఇరుముడి కట్టు మా పేట గుడిలోనే జరిగింది. కొబ్బరికాయ పీచు నున్నగా గీకి, కన్ను తెరిచి నీళ్లు వంచి, శరణుఘోష మధ్య కరిగించిన ఆవునెయ్యి పోశాను. కాయ శరీరమని, నెయ్యి అందులోని ప్రాణమని పెద్దలు చెబుతారు. బిరడా బిగించాక గురుస్వామి దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు. ముందు ముడిలో దేవుడి వస్తువులు, వెనక ముడిలో మనిషి తిండి. కాలినడకన అడవి దాటే రోజుల్లో యాత్రికుడి సామానంతా ఆ వెనక ముడే. దారిలో వండుకునే బియ్యం అందులో ఉండేది, నడిచేకొద్దీ తగ్గేది. అమ్మ మూడు గుప్పిళ్ల బియ్యం పోసి కళ్లు తుడుచుకుంది.

నేను గురుస్వామిని ఒక్కటే అడిగాను. "కర్పూరం, అగ్గిపెట్టె పెట్టొద్దు స్వామీ. విమానంలో ఒప్పుకోరు."

ఆయన చేతిలోని కర్పూరం పొట్లాన్ని పక్కన పెట్టి అన్నాడు. "వద్దులే. నాకు తెలిసినప్పటి నుంచీ ఏడాదికొకటి చేర్చుకుంటూ పోయాం. పన్నీరు సీసా, అగరుబత్తి కట్ట, తేనె, ఎండు ఖర్జూరం. మా గురుస్వామి కట్టిన ముడిలో ఇన్ని ఉండేవి కావు."

ఆయన మాట నిజం. శబరిమల తంత్రి, దేవస్వం బోర్డు కూడా ఇదే కోరుతున్నారు. కర్పూరం, అగరుబత్తి, పన్నీరు సన్నిధానంలో వాడేది లేదని, అవి చెత్తగా మిగులుతున్నాయని, ఇరుముడిలో పెట్టవద్దని. బియ్యం, నెయ్యి కాయ, బెల్లం, అరటిపండు, తమలపాకు, వక్క, ఒక నాణెం ఉంటే ముందు ముడికి లోటు లేదు. ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు. మా గురుస్వామి పసుపు, కుంకుమ, బెల్లం అన్నీ కాగితం పొట్లాల్లోనే కట్టాడు. తనిఖీ కోసం విప్పాల్సి వస్తుందని చెబితే ముందు ముడి మూతిని ఒక్క లాగుతో వదులయ్యేలా ముడివేసి, దాన్ని మళ్లీ ఎలా బిగించాలో నాచేత రెండుసార్లు చేయించాడు.

శంషాబాద్ విమానాశ్రయంలో తెల్లవారుజామున నల్లబట్టలు చాలానే కనిపించాయి. పాలరాయి నేల వట్టికాళ్లకు చల్లగా తగులుతోంది. కౌంటర్లో ఇరుముడినీ సంచినీ కలిపి తూచారు. ఆరున్నర చిల్లర. ఆ అబ్బాయి తెలుగువాడే. "లగేజీ ఏం లేదా స్వామీ?" అని వెనక్కి తొంగిచూశాడు. లేదన్నాను. బోర్డింగ్ పాస్ ఇస్తూ, "స్వామియే శరణమయ్యప్ప" అన్నాడు మెల్లగా.

భద్రతా తనిఖీలో ఇరుముడికి విడిగా ఒక ట్రే అడిగి తీసుకున్నాను, బూట్ల ట్రేలతో కలవకుండా. ఎక్స్‌రే దాటాక సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగి దాన్ని పక్కకు తీశాడు.

"స్వామీజీ, నారియల్ హై?"

ఉందన్నాను. విప్పమన్నాడు, కానీ తాను చెయ్యి వేయలేదు. నేనే మూతి వదులు చేసి కాయను బయటికి తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను. చిన్న కాగితపు పట్టీతో కాయనూ గుడ్డనూ తుడిచి యంత్రంలో పెట్టాడు. విభూతి పొట్లం కూడా చూశాడు. కొద్ది క్షణాల్లో అయిపోయింది. తిరిగి కట్టుకునేదాకా పక్కనున్న బల్ల వాడుకోనిచ్చాడు. నా వెనక మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామి, పాతికేళ్లు కూడా ఉండవు, ముడి విప్పాక తిరిగి వేయడం రాక కంగారు పడుతుంటే నేను సాయం చేశాను. అతని ముడిలోంచి కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె తీసి పక్కన పడేశారు. ఇంట్లో అక్క భక్తితో పెట్టిందట. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పిల్లవాడికి ఆ బాధ ఉండేది కాదు.

విమానం లేచేటప్పుడు ఇరుముడిని ఒళ్లో ఉంచుకోనివ్వరు. కాళ్ల దగ్గర పెట్టడం నాకు ఇష్టం లేదు. ముందే ఎక్కి, తల పైనున్న అరలో శాలువా పరిచి, దాని మీద ఉంచాను. పక్కసీటాయన తన బ్యాగును వేరే అరలోకి జరుపుకున్నాడు, అడగకుండానే.

కొచ్చి విమానాశ్రయం 2015 నుంచి పూర్తిగా సౌర విద్యుత్తుతో నడుస్తోంది, ప్రపంచంలో అలాంటి మొదటి విమానాశ్రయం ఇదే. కిందికి దిగుతుంటే ఆ పలకల వరసలు కనిపిస్తాయి. లగేజీ బెల్టుల చుట్టూ జనం మూగి ఉన్నారు. నేను పక్కనుంచి నడిచి తిన్నగా బయటికి వచ్చి ఎర్నాకుళం చేరి, పంబ వైపు వెళ్లే కేరళ ఆర్టీసీ బస్సు అందుకున్నాను. మనం మోయగలిగినంతే మన దగ్గరుంటే టాక్సీ మాట్లాడుకోనక్కర్లేదు. ఏ బస్సులోనైనా, ఏ మూలైనా కూర్చోవచ్చు, ఒళ్లో ఇరుముడి పట్టుకుని. కొట్టాయం దాటాక రబ్బరు తోటలు మొదలయ్యాయి. ఎరుమేలిలో దిగి వావరు మసీదుకూ ధర్మశాస్తా గుడికీ దండం పెట్టుకుని మరో బస్సెక్కాను.

బండ్లు చాలావరకు నీలక్కల్‌లోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి పంబకు ఇరవై పైచిలుకు కిలోమీటర్లు ఆర్టీసీ బస్సులే గతి. వాటి దగ్గర తోపులాట మామూలుగా ఉండదు. ఒక కుటుంబం రెండు చక్రాల పెట్టెలతో నిలబడి బస్సు వెనక బస్సు వదులుకోవడం చూశాను. తెలుగువాళ్లే, విమానంలో వచ్చినవాళ్లే. తర్వాత వాళ్లే పంబలో క్లోక్‌రూమ్ వరసలో కనిపించారు. పెట్టెలకు కాపలాగా పెద్దాయన కిందే ఉండిపోతానంటున్నాడు. అంత దూరం కలిసి వచ్చి, పెట్టె కోసం ఒక మనిషి కొండకింద ఆగిపోవడం నాకు చాలా కష్టంగా తోచింది. ఆయన్ను వెళ్లమని బతిమాలాను. చివరికి వరస కదిలి పెట్టెలు లోపల పెట్టుకున్నారు, ఆయనా బయల్దేరాడు.

పంబలో మా గుంపు కలిసింది. 2018 వరదల్లో ఈ ఒడ్డంతా కొట్టుకుపోయింది, ఇసుక మేటలు వేసింది. తిరిగి నిలబెట్టుకున్న ఒడ్డు ఇది. స్నానం చేసి తడి పంచె పిండుకున్నాను. నా పక్కనే ఒకాయన విడిచిన నల్లబట్టల్ని నీళ్లలోకి వదలబోతే మా గురుస్వామి చెయ్యి పట్టుకుని ఆపాడు. బట్టలు పంబలో వదలడం ఆచారమని మనవాళ్లలో కొందరు నమ్ముతున్నారు. అలాంటి ఆచారం లేదని దేవస్వం బోర్డు చెబుతోంది, కేరళ హైకోర్టు నిషేధించింది కూడా. తెచ్చిన బట్ట తిరిగి తీసుకెళ్లాలి. రెండు జతలే తెస్తే అదేమంత బరువు?

పంబ నుంచి సన్నిధానానికి సుమారు 5 కిలోమీటర్లు. నీలిమల ఏటవాలు మొదలైన కాసేపటికే సంచి బరువు తెలిసిపోతుంది. ఇరుముడి బరువు వేరు, అది నెత్తిన నిలకడగా కూర్చుంటుంది, మెడ దానికి అలవాటు పడుతుంది. భుజాల మీది బ్యాగు మనిషిని వెనక్కి లాగుతుంది. అప్పాచిమేడు దగ్గర పెద్ద పెద్ద బ్యాగులతో వచ్చిన కుర్రాళ్లు కటకటాలు పట్టుకుని రొప్పుతున్నారు. అక్కడ గుండె వైద్య కేంద్రం, ఆక్సిజన్ ఇచ్చే చోట్లు ఊరికే పెట్టలేదు. నలుగురు మోసే డోలీలు పక్కనుంచి కేకలు వేసుకుంటూ సాగిపోతున్నాయి. దారి పొడవునా శొంఠి, మూలికలు వేసి కాచిన వేడినీళ్లు పంచుతారు, అందుకని నేను నీళ్లసీసా కూడా తేలేదు. బీపీ ఉన్న ఒంటితో, వయసు మీదపడ్డాక, ఆ ఎత్తు అంత తేలిగ్గా ఎక్కగలనని నేను అనుకోలేదు. రెండున్నర కిలోల సంచి వల్లనే ఎక్కానని నా నమ్మకం.

శరంగుత్తి దగ్గర వరసలో చీకటి పడింది. తర్వాత మెట్లు. ఒక్కో మెట్టు మీదా పోలీసులు చెయ్యి అందించి పైకి తోస్తారు. 18 మెట్లు నిమిషం కూడా పట్టవు. పైన గుడి ముంగిట తత్త్వమసి అన్న అక్షరాలు, లోపల దీపాల మధ్య స్వామి, రెప్పపాటు దర్శనం. నేను ఏడ్చాను. అంతకు మించి దాన్ని గురించి చెప్పలేను.

రాత్రి పందిట్లో శాలువా కప్పుకుని పడుకున్నాను. మంచు కురిసింది, శాలువా సరిపోయింది. తెల్లవారి నెయ్యభిషేకానికి కాయ పగలగొట్టారు. నెయ్యి నిండుగా ఉంది, గడ్డకట్టి తెల్లగా. ఒక్క చుక్క పోలేదు. మా ఇంటి దగ్గర నేను పోసిన నెయ్యి మొత్తం స్వామికి చేరింది. ఈ యాత్రలో నేను కోరుకున్నది అదే. కాయ చిప్పను ఆళి అనే అగ్నిగుండంలో అర్పించి, మాళికాపురత్తమ్మ గుడి చుట్టూ కొబ్బరికాయ దొర్లించి వచ్చేసరికి ముందు ముడి ఖాళీ అయింది.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. అరవణ ప్రసాదం డబ్బాలు రైల్లో వచ్చే స్వాములకు అప్పగించి, అప్పం పొట్లం, అభిషేకం నెయ్యి చిన్న డబ్బా, ఖాళీ ఇరుముడి గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. నెయ్యి మూతకు గుడ్డ కట్టాను. కొచ్చిలో సంచి తూచనే లేదు.

విమానంలో వెళ్లే స్వాములకు నా మనవి. టికెట్ కొనే ముందు ఆ ఏడాది కొబ్బరికాయకు సడలింపు ఇచ్చారో లేదో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో చూసుకోండి. కర్పూరం, అగ్గిపెట్టె, లైటర్ ఇంట్లోనే ఉంచండి. ముడి మూతి విప్పి కట్టడం గురుస్వామి దగ్గర నేర్చుకోండి. చక్రాల పెట్టె తేవద్దు.

పౌర విమానయాన శాఖకు కూడా ఒక విజ్ఞప్తి. ఈ సడలింపు ప్రతిసారీ ఒక సీజన్‌కే ఇస్తున్నారు. 2025లో నవంబరు 28 నుంచి 2026 జనవరి 20 దాకా ఇచ్చారు, కానీ మండలకాలం నవంబరు మధ్యలోనే మొదలవుతుంది. ఆ మొదటి రోజుల్లో బయల్దేరిన స్వాములకు అది అందలేదు. మలయాళ మాసం వృశ్చికం ఒకటో తేదీ నుంచి మకరవిళక్కు ముగిసేదాకా వర్తించేలా శాశ్వతంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. తనిఖీలు ఎంత కఠినంగా చేసినా మాకు అభ్యంతరం లేదు, ముడి మేమే విప్పి చూపిస్తాం.